ఖాళీ చేతుల సీను

పరితోష్ సమద్దార్‌ని బెంగాలీ సినిమాలు తీసే టాలీగంజ్ స్టూడియోల్లో అందరూ పంజీదా అంటారు. పంజీ అంటే పంచాంగం, అలాంటి మనిషి అని. చాటుగా అనే మాట కాదు, ముఖం మీదే అంటారు. ఆయన కూడా ఆ పేరుకి పొంగిపోతూ పలుకుతాడు. సినిమాలో కంటిన్యూటీ చూడడం ఆయన పని. నిన్నటి షాట్‌లో హీరో ఏ చేత్తో టీ కప్పు పట్టుకున్నాడు, అందులో టీ ఎంతవరకు ఉంది, పై బొత్తాం పెట్టుకున్నాడా లేదా, ఇవన్నీ గుర్తుపెట్టుకుని ఇవాళ్టి షాట్‌తో కలపాలి. ముప్పై ఎనిమిదేళ్ళుగా అదే పని. ఒక హీరోకి కామెర్లు వచ్చి రెండు నెలలు షూటింగ్ ఆగిపోతే, తిరిగొచ్చిన రోజున అతని ముఖం వంక ఒక్క చూపు చూసి, "ఆ రోజు నీ మీసం ఎడమ పక్క ఓ పిసరు పొడుగు నాయనా" అన్నాడట. రీలు తెప్పించి చూస్తే నిజమేనట. ఈ కథ ఎక్కువగా చెప్పేది పంజీదానే, అది వేరే సంగతి.

అలాంటి మనిషి ఆ మాఘమాసంలో ఓ పొద్దున శ్రీరాంపూర్ స్టేషన్లో దిగి, షూటింగ్ జరిగే ఇంటికి ఎటు వెళ్ళాలో తెలియక నిలబడిపోయాడు. అప్పటికి పది రోజులుగా అదే రైలు, అదే మెట్లు, అదే సందు. మిఠాయి కొట్టు పక్కనుంచి వెళ్ళాలా, మందుల షాపు పక్కనుంచా? ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. చివరికి ఓ రిక్షావాణ్ణి పిలిచి "గంగ ఒడ్డున సినిమా తీస్తున్నారే, ఆ ఇల్లు" అని ఎక్కి కూర్చున్నాడు. రిక్షా రెండు మలుపులు తిరిగి ఆగింది. నాలుగు నిమిషాలు నడిస్తే వచ్చే ఇల్లు. రిక్షావాడు కూడా ఆయన్ని అదోలా చూశాడు.

ఈ సంగతి పరితోష్ ఎవరికీ చెప్పలేదు. అరవై ఏడేళ్ళ వయసులో పని పోతే పోయింది, పంజీదా అన్న పేరు పోతే ఇంకేం మిగులుతుంది? మంకీ క్యాప్ చెవుల మీదికి లాక్కుని, ఎప్పటిలాగే మొహం గంభీరంగా పెట్టుకుని లోపలికి నడిచాడు.

సినిమా తీస్తున్నది ఉజాన్. ముప్పై నాలుగేళ్ళవాడు, ఇది రెండో సినిమా. భర్త పోయాక ఒక ముసలావిడకి జ్ఞాపకాలు ఒక్కొక్కటే జారిపోవడం కథ. పాటల్లేవు, కొట్లాటల్లేవు, మాటలు కూడా అంతంతమాత్రం. కిటికీలోంచి ఎండ వస్తుంది, పోతుంది. ఇలాంటివి విదేశాల్లో చూస్తారు. వాళ్ళు చూశారన్న సంగతి మన ఊళ్ళో మాట్లాడుకుంటారు.

ముసలావిడ వేషం ఇందులేఖ బాగ్చీది. నిజంగానే డెబ్బై ఆరేళ్ళు. అయితే మతిమరుపు వేషం వేస్తున్న ఆవిడే ఆ యూనిట్ మొత్తంలో మరుపంటే ఎరగని మనిషి. తన డైలాగులే కాదు, ఎదుటివాళ్ళవి కూడా అందించేది. పరితోష్ క్లాప్ బోర్డు పట్టుకున్న రోజుల నుంచీ ఆమెకి తెలుసు. ఇద్దరూ ఎదురుపడితే చాలు, ఒకరినొకరు గిల్లుకోకుండా ఉండరు.

"నీకు పోటీగా వస్తున్నానని కుళ్ళుకోకు పరితోష్" అనేది.

"మాటలు గుర్తుపెట్టుకోవడం గొప్పేంటి ఇందుదీ? బొత్తాలు గుర్తుపెట్టుకోండి, అప్పుడు చూద్దాం."

"నీ చొక్కా మూడో బొత్తాం ఊడి మూడు రోజులైంది. చూసుకున్నావా?"

ఆయన తడుముకునేవాడు. బొత్తాం ఉండేది కాదు. సెట్టంతా గొల్లుమనేది.

అప్పటికప్పుడు ఫొటో బయటికొచ్చే కెమెరా ఒకటి ఉజాన్ తెచ్చిపెట్టాడు, కంటిన్యూటీకి పనికొస్తుందని. "నేను బతికుండగా దాంతో పనేంటి బాబూ?" అని పరితోష్ దాన్ని పెట్టెలోంచి తీయనేలేదు.

గాజుల సంగతి మొదటి రోజే తేలింది. కథలో సగం వరకు ఆ ముసలావిడ ముత్తైదువ. చేతులకి తెల్లటి శంఖం గాజులు, ఎర్రటి పగడపు గాజులు, ఎడమ చేతికి ఇనప కడియం ఉండాలి. బట్టలు చూసే అమ్మాయి వాటిని పళ్ళెంలో పెట్టి తెస్తే ఇందులేఖ ముట్టుకోలేదు. ఆ పిల్లని బయటికి పంపి, పరితోష్‌ని పిలిపించి, తలుపు దగ్గరగా వేయించింది. రెండు చేతులూ ఆయన ముందు చాపింది.

"ఆయన పోయిన రోజు ఘాట్‌లో ఈ చేతులతోనే వీటిని తీశాను. పంతొమ్మిదేళ్ళైంది. మళ్ళీ నా చేత్తో వేసుకోను, నా చేత్తో తియ్యను. వేషమన్నాక తప్పదు కాబట్టి నువ్వు వెయ్యి, నువ్వే తియ్యి."

"నేనెందుకు దీదీ? ఆ అమ్మాయి ఉందిగా."

"ఎప్పుడు ఉండాలో ఎప్పుడు ఉండకూడదో నీకైతే గుర్తుంటుంది. బయట చెప్పకు, ముసలిదానికి చాదస్తం అంటారు."

ఆ రోజు నుంచి పొద్దున్నే సబ్బునీళ్ళు పెట్టుకుని, ఆ ముడతల చేతులు నొప్పెట్టకుండా మెల్లగా గాజులు ఎక్కించేవాడు. సీను మారితే తీసేవాడు. తీసేటప్పుడు ఆవిడ కిటికీ వైపు తిరిగేది. ఈ ఏర్పాటు వాళ్ళిద్దరికి తప్ప మూడో మనిషికి తెలియదు.

దారి తప్పిన ఆ పొద్దున కూడా పరితోష్ గాజులు వేశాడు. ఆ రోజు నలభై ఒకటో సీను, భర్తకి మందు తాగించేది. లైట్లు సర్దుతుండగా మబ్బు విడింది, మేడమీద గదిలోకి ఎండ ఏటవాలుగా పడింది. ఇందులేఖని మాసీమా, అంటే పిన్నీ, అని పిలిచే ఉజాన్ మెట్ల మీద నుంచే కేకేశాడు.

"ఇది తర్వాత! ముందు యాభై ఎనిమిది తీసేద్దాం. ఈ ఎండ మళ్ళీ దొరకదు. మాసీమా, చీర మార్చక్కర్లేదు, తల మీదుగా శాలువా కప్పుకుని రండి చాలు."

యూనిట్ అంతా మేడమీదికి పరిగెత్తింది. ఇందులేఖ సగం మెట్లెక్కి ఆగింది. శాలువాలోంచి మణికట్లు కాస్త బయటికి తీసింది.

"పరితోష్, ఇందులో ఆయన పోయాడు కదా? చేతులు ఖాళీగా ఉండాలేమో చూడు."

నోట్‌బుక్ ఆయన చంకలోనే ఉంది. తెరిచి చూస్తే అయిపోయేది. కానీ పొద్దున స్టేషన్లో తగిలిన దెబ్బ ఇంకా పచ్చిగా ఉంది. ఇప్పుడు నోట్‌బుక్ తెరవడమంటే ఓడిపోయినట్టే అనిపించింది.

"నన్ను అడుగుతున్నారా, నాకు నేర్పుతున్నారా దీదీ? ఈ సీన్లో ఆయన పక్క గదిలో పడుకుని ఉన్నాడు. నడవండి."

"నువ్వు చెప్పాక ఇంకేముంది" అని ఆవిడ మెట్లెక్కింది.

షాట్ నాలుగు నిమిషాలు. ముసలావిడ ఇనప పెట్టె తెరిచి, భర్త మంకీ క్యాప్ బయటికి తీస్తుంది. ఒళ్ళో పెట్టుకుని దాని బొత్తాం పెడుతుంది. అది చిన్నపిల్లాడి తలైనట్టు నిమురుతుంది. తర్వాత శాలువా మీదనుంచే తలకి పెట్టుకుని కిటికీ వైపు చూస్తూ కూర్చుంటుంది. అంతే. లైట్లు పట్టుకునే ఆయన ముక్కు ఎగబీల్చాడు. కెమెరా వెనక ఉజాన్ కళ్ళు తుడుచుకుంటూ కట్ చెప్పడం మర్చిపోయాడు. అందరూ ఆ ముఖమే చూశారు. మణికట్లు చూడాల్సిన ఉద్యోగం ఒక్కడిదే, ఆ ఒక్కడూ తల వంచుకుని ఏడుస్తున్నాడు.

తిరుగు రైల్లో పరితోష్ నోట్‌బుక్ తెరిచాడు. యాభై ఎనిమిది పక్కన తన చేతిరాతలోనే, ఎర్ర సిరాతో, రెండు మాటలున్నాయి. చేతులు ఖాళీ. మర్నాడు ఆ ఇల్లు సొంతదారులకి అప్పగించేయాలి. పొద్దున్నే చెప్తే ఇంకా టైముంది. రాత్రంతా చెప్పాలనే అనుకున్నాడు. పొద్దునయ్యేసరికి, శాలువా కప్పి ఉంది కదా, కనబడి ఉండదులే అనుకున్నాడు.

కనబడింది. పది రోజుల తర్వాత టాలీగంజ్‌లో రషెస్, అంటే తీసినంతవరకు ముక్కలు, తెర మీద వేస్తే, మంకీ క్యాప్‌ని నిమురుతున్న ఆ చేతులకి తెల్లటి శంఖాలు తళతళలాడుతున్నాయి.

"ఆపండి" అన్నాడు ఉజాన్. "ఆ చేతులు చూడండి. మొగుడు పోయిన మనిషికి శంఖాలేంటి?"

షూటింగ్ జరిగిన ఇంట్లో ఇప్పుడు పెళ్ళి పెట్టుకున్నారు, గదులకి రంగులు కూడా వేసేశారు. మళ్ళీ తీసే దారి లేదు. ఒక్కొక్క తలా పరితోష్ వైపు తిరిగింది.

"పంజీదా?"

తర్వాత అన్న మాట తన నోట్లోంచే వచ్చిందని పరితోష్‌కి తెలుసు. వద్దనుకుంటూనే విన్నాడు.

"నేను తీయించేశాను బాబూ. ఇందుదీ మళ్ళీ వేసుకుని ఉంటారు. తీయించినట్టు నాకు బాగా గుర్తు."

"పాపం, వయసైపోయింది కదా" అన్నాడు కెమెరామన్.

అంతే, ఒక్కడూ అనుమానించలేదు. డెబ్బై ఆరేళ్ళ ఆడమనిషి మీద మరుపు అంటిస్తే ఎంత సులువుగా అతుక్కుంటుందో పరితోష్‌కి ఆ క్షణంలో అర్థమైంది. నలుగురూ జాలిపడుతుంటే తానూ తలూపాడు. ఆ తలూపడం గుర్తొస్తే ఆయనకి ఇప్పటికీ చెవులు కాలిపోతాయి.

ఉజాన్ మాత్రం కుర్చీలోంచి లేచాడు. అటూ ఇటూ తిరిగాడు. "ఉండండి, ఉండండి. మొగుడు పోయాడన్న సంగతి ఆవిడ మర్చిపోయింది. తనంతట తనే శంఖాలు వేసుకుంది! నేను నూరేళ్ళు రాసినా ఇది తట్టేది కాదు. తీసేది లేదు, ఈ సీనే మన సినిమా." అక్కడే ఫోన్ అందుకున్నాడు. "మాసీమా! ఎంత పని చేశారు! యాభై ఎనిమిదిలో గాజులు మీరే వేసుకున్నారట... అవును, మీ చేత్తోనే... పంజీదా తీయించాడట, మీరు మళ్ళీ... హలో? మాసీమా?"

రిసీవర్ పెట్టేసి నవ్వాడు. "గుర్తులేదంటున్నారు. ఏం నటి అండీ!"

పరితోష్ నవ్వలేదు. ఇక నవ్వనందుకు మెచ్చుకోవాలా ఆయన్ని?

అంతకుముందు ఏ షూటింగ్ అయిపోయినా కొత్తబెల్లం సందేశ్ మిఠాయి పొట్లంతో ఇందుదీ ఇంటికి వెళ్ళడం ఆయనకి అలవాటు. ఈసారి వెళ్ళలేదు. చైత్రంలో డబ్బింగ్‌కి ఆవిడే వచ్చింది. మేనకోడలు జయతి చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. ఇందులేఖ జీవితంలో ఎవరి చెయ్యీ పట్టుకోని మనిషి. మైకు దగ్గర ప్రతి మాటా కాగితం చూసి చెప్పింది. టీ తాగేటప్పుడు జయతి అవతలికి వెళ్ళగానే, పరితోష్ పక్కకి వచ్చి మెల్లగా అడిగింది.

"నిజం చెప్పు. నేనే వేసుకున్నానా? నా చేత్తో?"

ఆవిడ కళ్ళు ఆయన నోటినే చూస్తున్నాయి. కాదని ఒక్కమాట అంటే చాలు, ఆ ముఖం మళ్ళీ మామూలైపోతుంది. పక్క గదిలో ఉజాన్ ఉన్నాడు, కెమెరామన్ ఉన్నాడు.

"ఏముంది దీదీ, పెద్దవయసు. ఎవరికైనా..." అన్నాడు పరితోష్.

"ఓహో" అంది. చేతులు రెండూ చీర కొంగులో దాచుకుంది.

ఉజాన్ తర్వాతి సినిమాకి ఆవిడ రానందట. ఒంటరిగా గుమ్మం దాటడం లేదట. జయతి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిందట. పరితోష్ ఇవన్నీ వింటూ అయ్యో అనేవాడు, అందరికంటే ఎక్కువగా.

చలి మొదలయ్యే అగ్రహాయణ మాసంలో చలనచిత్రోత్సవం. హాలు కిటకిటలాడింది. గాజుల చేతులు తెర నిండా కనబడగానే, నాలుగు వందల మంది ఊపిరి బిగబట్టడం పరితోష్‌కి వినబడింది. చివర్లో ఇందులేఖని వేదిక మీదికి నడిపించారు. పెద్ద కళ్ళద్దాలు పెట్టుకున్న ఒకాయన మైకులో అడిగాడు, ఆ శంఖాలు వేసుకోవాలన్న ఆలోచన మీకెలా వచ్చింది అని.

"అది నేను చేసింది కాదు" అందావిడ. "నా జబ్బు చేసింది. పంతొమ్మిదేళ్ళు ఒక్కమాట నిలబెట్టుకున్నాను. అది కూడా మర్చిపోయానట."

వినయం అనుకున్నారు. లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పక్కవాళ్ళు లేచారు కాబట్టి పరితోష్ కూడా లేచాడు. చేతులు మాత్రం కలవలేదు.

మర్నాడు మధ్యాహ్నం నోట్‌బుక్ చంకలో పెట్టుకుని దమ్‌దమ్‌లో ఆవిడ ఇంటికి వెళ్ళాడు. దారి ఇద్దరిని అడగాల్సి వచ్చింది. తలుపు ఇందులేఖే తీసింది. జయతి కాలేజీకి పాఠం చెప్పడానికి వెళ్ళిందట. వంటింటి అలమరలో డబ్బాలన్నిటికీ కాగితాలు అంటించి ఉన్నాయి. ఉప్పు, పంచదార, ఆవాలు. ఆవిడ శాలువా అంచుకి పిన్నీసుతో ఒక చీటీ గుచ్చి ఉంది. అందులో పేరు, ఇంటి నెంబరు. అది చూశాక కూర్చోవడానికి ఆయనకి మనసొప్పలేదు.

"గాజులు మీరు వేసుకోలేదు దీదీ" అన్నాడు నిలబడే. "పొద్దున నేను వేసినవే అవి. మెట్ల మీద మీరు అడిగారు. ఉండనివ్వమన్నది నేనే."

ఆవిడ తన మణికట్ల వంక చూసుకుంది.

"మెట్ల మీద నేను అడగడం నాకు గుర్తుంది" అంది. "శాలువా తీసి చూపించడం గుర్తుంది. నువ్వు కసురుకోవడం కూడా గుర్తుంది. కానీ పంజీ తప్పు చెప్పదు కదా? నువ్వు బాగా గుర్తన్నావట. అయితే నా బుర్రే లేనివి కల్పిస్తోందనుకున్నాను."

"దీదీ..."

"పది నెలల్నించి నా చేతుల్ని నేను నమ్మలేదురా. అన్నం కలుపుకుంటూ కూడా వీటి వంక చూసేదాన్ని, ఇంకేం చేస్తాయో అని. ఆయన ఫొటోకి దండ వెయ్యడం మానేశాను. ఏ మొహం పెట్టుకుని వెయ్యను?"

పరితోష్ అప్పుడు స్టేషన్ సంగతి చెప్పాడు. రిక్షా సంగతి చెప్పాడు. మరుపు తనదేనని, అప్పటి నుంచి ఇంకా ఎక్కువైందని, ఈ ఇంటికి రావడానికి కూడా ఇద్దరిని దారి అడిగానని చెప్పాడు. చెప్తూ చెప్తూ, జాలి పడుతుందేమోనని ఆవిడ వంక ఒకసారి చూశాడు. ఆ చూపుకి తర్వాత తనకే అసహ్యం వేసింది.

"నాతో చెప్పుకోవచ్చుగా. నవ్వేదాన్నా?"

"సిగ్గేసింది."

"నీ సిగ్గు తెచ్చి నాకు కట్టబెట్టావు. డబ్బింగ్ రోజు నేను అడిగాను కూడా. ఎదురుగా నిలబడి అడిగాను."

ఆవిడ శాలువా అంచున ఉన్న పిన్నీసు ఊడదీసి, చీటీని మడిచి బల్ల మీద పెట్టింది. కూర్చోమనలేదు. టీ ఇస్తాననలేదు.

"ఆ నోట్‌బుక్ తియ్యి. రాయి. ఉజాన్‌కి ఇవ్వాలి."

"నేనే వెళ్ళి చెప్తాను దీదీ. అందరి ముందూ చెప్తాను."

"నోటితో చెప్తానంటే నేను నమ్మను. దారిలో మర్చిపోతావు, లేకపోతే మర్చిపోయానంటావు. రాయి."

ఆయన బల్ల అంచున నోట్‌బుక్ పెట్టుకుని, నడుము వంచి రాశాడు. రాసింది చదవమంది. పైకి చదివాడు.

"యాభై ఎనిమిదో సీన్లో ఇందులేఖా దేవి చేతుల గాజులు ఆమె వేసుకున్నవి కావు. నేను తీయడం మర్చిపోయాను. ఆమె గుర్తు చేసినా వినలేదు. ఇందులో జరిగిన పొరపాటంతా నాదే."

"పొరపాటు మెట్ల మీద జరిగింది" అంది ఇందులేఖ. "అది ఎవరికైనా జరుగుతుంది. దానికి నేను నిన్నేమీ అనను. ఉజాన్ గదిలో నువ్వు చెప్పింది పొరపాటు కాదు. డబ్బింగ్ రోజు నాతో చెప్పింది కూడా కాదు. వాటి పేరేమిటో అది రాయి."

పరితోష్ ఆఖరి ముక్క కొట్టేసి, కింద మళ్ళీ రాశాడు. అబద్ధం అన్న మాట రాసేటప్పుడు ఆ అక్షరాలు ఎప్పుడూ రాయనివాడిలా ఆగి ఆగి రాశాడు. రెండుసార్లు చెప్పాను అని కూడా చేర్చాడు. సంతకం పెట్టాడు.

"తేదీ వెయ్యి."

పెన్ను కాగితం మీద ఆనించాడు. అక్కడే ఉండిపోయింది. నిన్న ఉత్సవం అయింది. ఉత్సవం ఏ వారం? ఎన్నో రోజు? వెనక్కి వెళ్ళి వెతుక్కున్నాడు, ముందుకొచ్చి వెతుక్కున్నాడు. పెన్ను మొన దగ్గర సిరా మరక పెద్దదవుతోంది. తల ఎత్తి అడగలేకపోయాడు.

ఇందులేఖ ఆ సిరా మరకని చూసింది. ఆవిడ గోడ మీది క్యాలెండర్ వైపు తిరగలేదు.

"అగ్రహాయణం ఎనిమిది" అంది. "బుధవారం."

పంజీదా తల వంచుకునే రాసుకున్నాడు.